ఒకే కుప్ప గింజ, నాలుగు నూనెలు: వేరుశనగ నూనె నాణ్యతపై ఒక కేస్ స్టడీ

వేరుశనగ నూనె తీసి అమ్మే ఒక యూనిట్ యజమాని, నూనెల నాణ్యత చూసే నా ముందు రెండు సీసాలు పెట్టారు. రెండూ వాళ్ల నూనెలే, ఒకే యంత్రంలో తీసినవే. ఒకటి తీసి వారమైంది, రెండోది తీసి పది వారాలైంది. మొదటి సీసా మూత తీస్తే పచ్చి వేరుశనగ గుళ్లు కొరికినప్పటి కమ్మదనం. రెండోదాని మూత తీయగానే పాత రంగు డబ్బా తెరిచినట్టు ముక్కును పొడిచే వాసన.

"మాది చల్లగా తీసే నూనె అండి. వేడి తగలనివ్వం, రసాయనం కలపం. అయినా మూడు నెలలు నిలవడం లేదు. రిఫైన్డ్ నూనె ఏడాది ఉన్నా ఏమీ కావడం లేదు. మరి పోషకాలు మా నూనెలోనే ఎక్కువని ఏ ధైర్యంతో చెప్పాలి?" అని అడిగారు.

ఆయన అడిగింది నిల్వ గురించే అయినా పోషక విలువ కూడా అందులోనే ఉంది. ముక్కిపోయిన నూనెలో విటమిన్ ఇ అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. నూనె తీసిన రోజు పరీక్షలో ఎంత ఉందన్నది ఒక లెక్క, తినే రోజుకు ఎంత మిగిలిందన్నది వేరే లెక్క. నూనె తీసే పద్ధతులపై జరిగే వాదనలు చాలావరకు మొదటి లెక్క దగ్గరే ఆగిపోతాయి. ఈ కేసులో రెండో లెక్క కూడా చూడాలనుకున్నాను.

పరీక్ష ఎలా పెట్టుకున్నాం

వాళ్ల గోదాములో ఉన్న గుళ్లనే ఒక కుప్పగా పోసి, బాగా కలిపి, నాలుగు భాగాలు చేశాం. గింజ రకం మారితే నూనె కూడా మారిపోతుంది. అప్పుడు తేడా యంత్రం వల్ల వచ్చిందో గింజ వల్ల వచ్చిందో చెప్పలేం. మొదటి భాగాన్ని నిదానంగా తిరిగే కొయ్య గానుగలో ఆడించాం. రెండోది వాళ్ల స్క్రూ ప్రెస్‌లో, ముందుగా వేడి చేయకుండా. మూడోదాన్ని 100 డిగ్రీల దగ్గర ఆవిరితో ఉడికించి, స్క్రూతో నొక్కే ఎక్స్‌పెల్లర్‌లో వేశాం. నాలుగో భాగాన్ని ప్రయోగశాలకు అనుబంధంగా ఉన్న చిన్న ప్లాంటులో ముందు ప్రెస్ చేసి, నూనె పిండగా మిగిలిన చెక్క (పిప్పి) నుంచి సాల్వెంట్ (కరిగించే ద్రవం) అయిన హెక్సేన్‌తో నూనె లాగి, రెండు నూనెలనూ కలిపి పూర్తిగా రిఫైన్ చేశాం.

అన్ని నమూనాలకూ ఆమ్ల విలువ (కొవ్వు ఎంత విడిపోయిందో చూపేది), పెరాక్సైడ్ విలువ (ముక్కిపోవడం ఎంత మొదలైందో చూపేది), అనిసిడిన్ విలువ (అది ఎంత ముదిరిందో చూపేది), కొవ్వు ఆమ్లాల కూర్పు, టోకోఫెరాళ్లు (విటమిన్ ఇ రూపాలు), స్టెరాళ్లు (మొక్కల్లోని కొవ్వు లాంటి పదార్థాలు), ఫాస్ఫరస్ (జిగురు పదార్థాల జాడ) కొలిపించాం. తీసిన వెంటనే ఒకసారి, పది వారాల తర్వాత మరోసారి. నిల్వకు ముదురు రంగు సీసాలు వాడాం. రెండో పద్ధతిలో తీసిన నూనెను మాత్రం కొంత ముదురు సీసాల్లోనూ, కొంత యూనిట్ అప్పటిదాకా వాడుతున్న పారదర్శక సీసాల్లోనూ నింపాం.

మారనిది

ముందుగా కొవ్వు ఆమ్లాల ఫలితాలు వచ్చాయి. నాలుగు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసి యజమాని నిరాశపడ్డారు. నాలుగింటిలోనూ కూర్పు దాదాపు ఒకటే. వేరుశనగ నూనెలో అధిక భాగం ఓలియిక్ ఆమ్లం, తర్వాత లినోలియిక్, ఆ తర్వాత పామిటిక్. వీటికి తోడు అరాకిడిక్, బెహెనిక్, లిగ్నోసెరిక్ అనే పొడవాటి గొలుసు సంతృప్త ఆమ్లాలు కొద్దిగా ఉంటాయి. ఈ కూర్పును నిర్ణయించేది విత్తన రకం, పంట పండిన వాతావరణం, గింజ ముదిరిన తీరు. గానుగకు, హెక్సేన్‌కు దానిని మార్చే శక్తి లేదు. రిఫైనింగ్‌లో వాసన తీసే అంచె అయిన డియోడరైజేషన్‌లో అతి వేడి వల్ల ట్రాన్స్ కొవ్వులు కాస్త పుట్టవచ్చు. అయితే ఆ ముప్పు లినోలెనిక్ ఆమ్లం ఎక్కువగా ఉండే నూనెలకే అధికం. వేరుశనగ నూనెలో అది నామమాత్రం.

కాబట్టి "గానుగ నూనెలో మంచి కొవ్వు ఎక్కువ" అనే మాటకు ఆధారం లేదు. కొవ్వు కూర్పు మారాలంటే విత్తనం దగ్గరే మారాలి. ఓలియిక్ ఆమ్లం దాదాపు 80 శాతం ఉండే వేరుశనగను ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1987లో ప్రపంచానికి తెలియజేశారు. లినోలియిక్ ఆమ్లం ఓలియిక్ కంటే సుమారు పది రెట్లు వేగంగా ఆక్సీకరణ చెందుతుంది, అంటే గాలికి ముక్కిపోతుంది. అందుకే ఆ రకపు నూనె ఎక్కువ కాలం నిలుస్తుంది. ఏ యంత్రమూ తేలేని తేడా అది.

మారినవి

నూనెలో 95 శాతం పైగా ట్రైగ్లిజరైడ్లే, అంటే అసలు కొవ్వే. మిగిలిన కొద్ది భాగంలో టోకోఫెరాళ్లు, ఫైటోస్టెరాళ్లు (మొక్కల స్టెరాళ్లు), ఫాస్ఫోలిపిడ్లు (జిగురు పదార్థాలు), విడి కొవ్వు ఆమ్లాలు, వాసననిచ్చే పదార్థాలు ఉంటాయి. నూనె తీసే పద్ధతి ప్రభావమంతా ఈ చిన్న భాగం మీదే.

వేరుశనగ నూనెలో ప్రధానంగా ఉండేవి ఆల్ఫా, గామా టోకోఫెరాళ్లు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో ముడి వేరుశనగ నూనెకు మొత్తం టోకోఫెరాళ్ల పరిధి కిలోకు 170 నుంచి 1,300 మిల్లీగ్రాములుగా ఉంది. ఆ పరిధి అంత వెడల్పుగా ఉందంటే గింజకూ గింజకూ మధ్య ఎంత తేడా ఉంటుందో ఊహించండి. ఒక గానుగ నూనెనూ వేరొక చోటి రిఫైన్డ్ నూనెనూ తెచ్చి పోల్చి, తేడా అంతా పద్ధతిదే అనడం అందుకే చెల్లదు.

మా నాలుగు నమూనాల్లో తీసిన రోజున టోకోఫెరాళ్లు అత్యధికంగా కనిపించినవి గానుగ నూనెలో కాదు, ఉడికించి తీసిన నూనెలో. యజమాని నమ్మలేక పరీక్ష మళ్లీ చేయించమన్నారు. చేయించాం, అదే వచ్చింది. కారణం ఉంది. ఉడికించినప్పుడు కణాల గోడలు మెత్తబడతాయి, ప్రోటీన్ గడ్డకడుతుంది, సన్నటి నూనె బిందువులు కలిసి పెద్దవవుతాయి. గింజలో పట్టి ఉన్న టోకోఫెరాళ్లు, స్టెరాళ్లు, ఫాస్ఫోలిపిడ్లు మరింత సులువుగా నూనెలోకి దిగుతాయి. పైగా కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైమూ, ఆక్సీకరణను ఎగదోసే లైపాక్సిజినేజ్ ఎంజైమూ ఆ వేడికి పనిచేయడం మానేస్తాయి. గింజను ఇంకాస్త వేయిస్తే చక్కెరలకూ అమైనో ఆమ్లాలకూ మధ్య జరిగే మెయిలార్డ్ చర్యలో కొత్త పదార్థాలు పుడతాయి. నూనెకు వేపుడు వాసన ఇవ్వడంతో పాటు అవి ఆక్సీకరణను కూడా కొంత అడ్డుకుంటాయి. వేడి అంటేనే నష్టమనే అభిప్రాయం మన మనసుల్లో బలంగా నాటుకుపోయింది. ఎంత వేడి, ఎంతసేపు, గాలి తగులుతూనా తగలకుండానా అన్నవి చూడకుండా ఆ మాట అనడం సరికాదు.

రిఫైన్డ్ నమూనాలో టోకోఫెరాళ్లు అన్నిటికంటే తక్కువగా ఉన్నాయి. ఇది ఊహించిందే. రిఫైనింగ్‌లో నాలుగు అంచెలు ఉంటాయి. నీటితో జిగురు తీయడంలో ఫాస్ఫోలిపిడ్లు పోతాయి. క్షారంతో తటస్థం చేయడంలో విడి కొవ్వు ఆమ్లాలు సబ్బుగా మారి వేరవుతాయి. మట్టితో రంగు తీయడంలో వర్ణకాలు పోతాయి. చివరిదైన డియోడరైజేషన్‌లో నూనెను శూన్యంలో 180 నుంచి 250 డిగ్రీల దాకా వేడి చేసి దాని గుండా ఆవిరి పంపుతారు. చెడు వాసనలతో పాటు టోకోఫెరాళ్లు, స్టెరాళ్లు కూడా కొంత ఆ ఆవిరితో ఎగిరిపోతాయి. ఉష్ణోగ్రతను, సమయాన్ని బట్టి టోకోఫెరాళ్లలో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా పోవడం మామూలే. ఆ ఆవిరి చల్లబడగా మిగిలే ద్రవం నుంచే పరిశ్రమలు సహజ విటమిన్ ఇ తయారు చేస్తాయి. నూనె పోగొట్టుకున్నది గొట్టం చివర మందుగా మారుతుందన్నమాట. వేడి 230 డిగ్రీలు దాటినకొద్దీ గ్లైసిడిల్ ఎస్టర్లనే అవాంఛిత పదార్థాలు పుట్టే అవకాశం పెరుగుతుంది. ఈ కారణంగానే వేడి తగ్గించి నడిపే రిఫైనరీ నూనెకూ, ఆదరాబాదరాగా నడిపే రిఫైనరీ నూనెకూ తేడా ఉంటుంది. రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు.

హెక్సేన్ గురించి అందరూ అడుగుతారు. అది సుమారు 69 డిగ్రీలకే మరుగుతుంది. చెక్కలో 6 నుంచి 8 శాతం దాకా మిగిలిన నూనెను 1 శాతం కంటే దిగువకు తీసుకురాగలదు. సాల్వెంట్‌తో తీసిన ముడి నూనెను నేరుగా తినరు, అది రిఫైనింగ్ దాటాల్సిందే. అక్కడి వేడికి, శూన్యానికి హెక్సేన్ దాదాపుగా మిగలదు. ఐరోపా సమాఖ్య నూనెలో అనుమతించే అవశేషం కిలోకు 1 మిల్లీగ్రాము. నా అనుభవంలో సరిగ్గా నడిచిన రిఫైన్డ్ నూనెలో వెతకాల్సిన లోపం హెక్సేన్ కాదు. రిఫైనింగ్‌కు ముందు ఆ నూనె ఎలా ఉండేదన్నదే వెతకాలి. పాడైన నూనెను రిఫైన్ చేస్తే పెరాక్సైడ్లు పగిలిపోయి ఆ సంఖ్య అందంగా దిగివస్తుంది. పగిలిన ముక్కల్లో కొన్ని మాత్రం అనిసిడిన్ విలువలో బయటపడతాయి. అందుకే పెరాక్సైడ్ విలువను రెట్టింపు చేసి అనిసిడిన్ విలువను కలిపే టోటాక్స్ లెక్క లేకుండా రిఫైన్డ్ నూనె మీద నేను సంతకం పెట్టను.

యంత్రం దగ్గర తేలిన సంగతి

ఇంతవరకూ నేను కూడా యంత్రాల చుట్టూనే తిరుగుతున్నాను. రెండోసారి యూనిట్‌కు వెళ్లినప్పుడు ప్రెస్ నడుస్తుండగా నూనె కారే చోట థర్మామీటరు పెట్టాను. 84 డిగ్రీలు చూపించింది. ఆపరేటర్ తడబడి, "మేం హీటర్ వేయలేదండి, చూడండి" అని స్విచ్ చూపించారు. ఆయన చెప్పింది నిజమే. హీటర్ లేకున్నా స్క్రూ ఒరిపిడి చాలు. నూనె దిగుబడి పెంచడానికి చెక్క బయటికి వచ్చే సందును బాగా బిగించారు, వేగం కూడా పెంచారు. కోడెక్స్ నిర్వచనం ప్రకారం చల్లగా తీసిన నూనె అంటే వేడి ప్రయోగించకుండా, కేవలం యాంత్రికంగా తీసినది. నీటితో కడగడం, తేర్చడం, వడకట్టడం, సెంట్రిఫ్యూజ్ తప్ప మరే శుద్ధీ చేయకూడదు. అందులో డిగ్రీల సంఖ్య లేదు. ఈ ఖాళీలోనే చాలా సీసాల మీద 'చల్లగా తీసినది' అన్న మాట చోటు చేసుకుంటోంది.

84 డిగ్రీలకు టోకోఫెరాళ్లు నాశనం కావు. అసలు ఇబ్బంది తర్వాత ఉంది. అంత వేడి నూనెను చల్లారనివ్వకుండా, పైన గాలి ఆడే తొట్టిలో ఒక రాత్రి మడ్డి దిగడానికి వదిలేస్తున్నారు. తొట్టికి ఇత్తడి కుళాయి ఉంది. ఇత్తడిలోని రాగి ఆక్సీకరణకు ఇనుము కంటే బలంగా తోడ్పడుతుంది. వర్జిన్ నూనెలో, అంటే రిఫైన్ చేయని నూనెలో, ఇనుము కిలోకు 5 మిల్లీగ్రాముల దాకా అనుమతించే కోడెక్స్, రాగిని 0.4 దగ్గరే ఆపేస్తుంది. వేడి, గాలి, రాగి మూడూ ఆ తొట్టిలో ఒక్కచోట చేరాయి.

అసలు లోపం గోదాములో ఉంది

అయినా నాలుగు నమూనాల్లో మూడింటికి తీసిన రోజునే ఆమ్ల విలువ ఎక్కువగా రావడానికి తొట్టి కారణం కాదు. గానుగ నూనె తొట్టిని చూడనే లేదు, కానీ దానిదే అన్నిటికంటే ఎక్కువ, కోడెక్స్ వర్జిన్ నూనెలకు పెట్టిన 4 అనే హద్దుకు ఆనుకుని ఉంది. గానుగ ఆడించేటప్పుడు పిండి ముద్దకట్టడానికి కాస్త నీళ్లు చిలకరిస్తారు. ఆ తేమకు కొవ్వు కొంత విడుతుంది. అంత తేడాకు అదొక్కటే సరిపోదనిపించి గింజ వైపు తిరిగాను. ఈ పని మొదటి రోజే చేయాల్సింది. కుప్ప కలిపేటప్పుడు తేమ కొలవకపోవడం నా తప్పు.

గోదాములో మిగిలిన గుళ్లలో తేమ 9 శాతం దాటింది. నిల్వ గుళ్లలో 7 శాతం లోపు ఉండాలి. విరిగిన గుళ్లు, పొట్టు ఊడినవి, ముడతలు పడినవి లెక్కకు మించి ఉన్నాయి. గింజ పొట్టులో ప్రోసయనిడిన్ల వంటి, ఆక్సీకరణను అడ్డుకునే ఫినాలిక్ పదార్థాలు దండిగా ఉంటాయి. పొట్టు పోయి, గింజ విరిగితే లోపలి నూనె గాలికి బట్టబయలవుతుంది, తేమ తోడైతే లైపేజ్ పని మొదలుపెడుతుంది. నూనె పాడవడం ప్రెస్‌లోకి వెళ్లకముందే మొదలైంది.

ఇక్కడే ఈ కేసు నాకు బాగా అర్థమైంది. నూనెను మృదువుగా తీసే పద్ధతి గింజలో ఉన్నదాన్ని ఉన్నట్టే సీసాలోకి తెస్తుంది. మంచి ఉంటే మంచి, చెడు ఉంటే చెడు. రిఫైనింగ్ గింజ లోపాలను క్షమిస్తుంది, బదులుగా కొంత మంచిని తీసుకుంటుంది. చల్లగా తీసేవారికి ఆ క్షమాపణ దొరకదు. వాళ్లు గింజ మీద పెట్టే శ్రద్ధ రిఫైనరీ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండాలి.

ఆఫ్లటాక్సిన్ విషయంలో ఈ మాట ప్రాణాలకే సంబంధించింది. 1960లో ఇంగ్లాండులో వేలాది టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, దాణాలోని వేరుశనగ చెక్కను పరిశీలిస్తూ పోయిన శాస్త్రవేత్తలు కనుగొన్న విషం ఇది. తేమ ఉన్న గింజ మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు దీన్ని తయారు చేస్తుంది. కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుంది. మామూలుగా వేయిస్తే పూర్తిగా పోదు. నూనె తీసినప్పుడు ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది గానీ, నూనెలో తేలే సన్నటి పిండితో కొంత సీసాలోకి వస్తుంది. క్షారం, రంగు తీసే మట్టి దాన్ని తొలగిస్తాయి. చల్లగా తీసిన నూనెకు ఆ రెండు కాపలాలూ లేవు. మబ్బుగా, మడ్డితో ఉంటేనే స్వచ్ఛమైనదని కొనేవారు అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఆ మడ్డిలో పోషకాల పేరిట చెప్పుకోదగ్గది లేదు, తేమ, పిండి, ముప్పు ఉన్నాయి. ఆ గోదాములోని సరుకు చెక్కను పరీక్షకు పంపి, ఫలితం చూశాక ఆ సరుకును నూనెకు, దాని చెక్కను పశువుల దాణాకు కూడా వాడవద్దని చెప్పాను. ఆవు తిన్న ఆఫ్లటాక్సిన్‌లోని బి1 అనే రకం, దాని ఒంట్లో ఎం1 అనే రకంగా మారి పాలలోకి వస్తుంది.

ఇంకొకటి కూడా లేబుల్ మీద రాయించాను. వేరుశనగ అలర్జీ ఉన్నవారు చల్లగా తీసిన నూనె వాడకూడదు. 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో అలర్జీ ఉన్న 60 మందికి రెండు రకాల నూనెలూ ఇచ్చి చూశారు. రిఫైన్డ్ నూనెకు ఎవరికీ ప్రతిచర్య రాలేదు, ముడి నూనెకు ఆరుగురికి వచ్చింది. వడకట్టినా మిగిలిపోయే ప్రోటీన్ జాడలే కారణం.

పది వారాల తర్వాత

నమూనాలను తిరిగి తెరిచినప్పుడు పారదర్శక సీసాలో వెలుతురుకు పెట్టిన, చల్లగా తీసిన నూనెలో ఆల్ఫా టోకోఫెరాల్ రిఫైన్డ్ నూనెలో కంటే తక్కువకు దిగిపోయింది. మొదటి రోజు ఉన్న ఆధిక్యం మొత్తం కరిగిపోయింది. టోకోఫెరాల్ తన హైడ్రోజన్‌ను ఇచ్చి ఆక్సీకరణ గొలుసును తెంచుతుంది, ఆ పనిలో తాను ఖర్చవుతుంది. అది అయిపోయాక నూనెను ఆపేదేదీ ఉండదు. ముదురు సీసాలో పెట్టిన అదే నూనె చాలా మెరుగ్గా ఉంది. అన్నిటికంటే తక్కువ మార్పు ఉడికించి తీసిన నూనెలో కనిపించింది.

తర్వాత మార్పులు చేశాం. గింజ తేమ 7 శాతం లోపు లేకపోతే ప్రెస్‌కు వెళ్లదు. విరిగినవి, బూజు పట్టినవి, ముడుచుకున్నవి ఏరి పారేస్తారు. చెక్క సందు వదులు చేసి వేగం తగ్గించారు. నూనె వేడి 60 దాటడం లేదు. చెక్కలో నూనె మునుపటి కంటే ఎక్కువ మిగిలిపోతోంది, దాన్ని నష్టంగా ఒప్పుకున్నారు. తొట్టికి మూత, ఇత్తడి స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీల్ కుళాయి, అదే రోజు వడపోత, ముదురు సీసాలు, సీసా నిండా నూనె. ఎండబెట్టి ఏరిన కొత్త సరుకుతో తీసిన నూనెకు ఆమ్ల విలువ మొదటిదానిలో సగం కూడా రాలేదు. పది వారాలకు వాసన తాజాగానే ఉంది, పెరాక్సైడ్ విలువ కోడెక్స్ హద్దు అయిన 15కు చాలా దిగువన నిలిచింది.

లేబుల్ మీద నుంచి రెండు మాటలు తీయించాను. 'కొలెస్ట్రాల్ లేదు' అన్నది ఏ మొక్క నూనెకైనా వర్తిస్తుంది. 'రెస్వెరాట్రాల్ సమృద్ధి' అన్నది తప్పు. గింజలోని రెస్వెరాట్రాల్, ఇతర ఫినాలిక్ పదార్థాలు కొవ్వులో అంతగా కరగవు, దాదాపుగా చెక్కలోనే ఉండిపోతాయి. విటమిన్ ఇ గురించి కూడా కొలతతో మాట్లాడాలని చెప్పాను. ఒక పెద్ద చెంచా అంటే సుమారు 14 గ్రాముల వేరుశనగ నూనెలో అది 2 మిల్లీగ్రాముల చిల్లర. పెద్దవారికి అమెరికా ప్రమాణాల ప్రకారం రోజుకు కావలసింది 15. రిఫైనింగ్‌లో మూడో వంతు పోయిందనుకున్నా చెంచాకు పోయేది ఒక మిల్లీగ్రాము లోపే. 30 గ్రాముల వేరుశనగ గుళ్లు నమిలితే 2.5 మిల్లీగ్రాములు వస్తుంది, ప్రోటీన్, పీచు అదనం.

ఆ యజమాని చివరికి నూనె వాడకం గురించి అడిగారు. చల్లగా తీసిన నూనె సుమారు 160 డిగ్రీలకే పొగలు కక్కుతుంది, రిఫైన్డ్ నూనె 230 దాకా తట్టుకుంటుంది. బాగా కాగే నూనెలో వేయించడానికి మీ నూనె వద్దని సీసా మీదే రాయమన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. అమ్మకం తగ్గుతుందేమోనని భయం. రాశారు. యూనిట్ రిజిస్టరులో ఇప్పుడు ప్రతి లాట్‌కు మొదటి గడి గింజ తేమ, రెండోది ఏరివేతలో పోయిన బరువు, మూడోది నూనె కారే చోట వేడి. యంత్రం పేరు రాసే గడిని ఆయనే కొట్టేశారు.